చీరాల చరిత్రలో రెండు వలసలు

క్రిందటి సంవత్సరం మా కళాశాలలో బి.ఏ. విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించాను. ఎవరి వూరి చరిత్ర వారు నాలుగు పుటల్లో వ్రాసి తేవాలి. పుస్తకాలు చూడవచ్చు, పెద్దల్ని అడగవచ్చు, తమకు తోచింది చేర్చవచ్చు. చీరాల నుండీ, ఆ చుట్టుపక్కల పల్లెల నుండీ వచ్చే పిల్లలు మా తరగతిలో ఎక్కువమంది. వారు తెచ్చిన వ్యాసాలు చదువుతుంటే ఒకే వ్యాసాన్ని పదిసార్లు చదువుతున్నట్లు అనిపించింది. మొదట వూరి పేరు పుట్టుక: పూర్వం దీనికి క్షీరపురి అని పేరు. తరువాత దేవాలయాలు. ఆ తరువాత 1921లో గాంధీగారి రాక, చీరాల-పేరాల ఉద్యమం, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి ధైర్యసాహసాలు. ఆ పైన బట్టల వ్యాపారం వల్ల వూరికి వచ్చిన "చిన్న బొంబాయి" అనే పేరు. చివర ప్రముఖుల పట్టిక. సమాప్తం.

ఒక కుర్రవాడి వ్యాసంలో మాత్రం ఈ మూసకు లొంగని వాక్యం ఒకటి కనిపించింది. "మా తాతగారు 1985లో కారంచేడు నుండి చీరాల వచ్చారు." ఆ వాక్యానికి ముందు గాంధీగారు వున్నారు, తరువాత బట్టల మార్కెట్టు వుంది. నడుమనున్న ఆ ఒక్క వాక్యాన్నీ అతను కలంతో కొట్టివేశాడు. "ఎందుకు కొట్టేశావు?" అని అడిగాను. "అది వూరి చరిత్ర కాదు గదండీ, మా సంగతి" అన్నాడు.

ఆ జవాబును గురించే ఈ వ్యాసం. ఏది వూరి చరిత్ర అవుతుంది, ఏది "మా సంగతి"గా మిగిలిపోతుంది? ఈ గీత ఎవరు గీస్తారు? ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే తన వాక్యాన్ని తానే కొట్టివేసుకున్నాడంటే, ఆ గీత అతని కలం కంటే ఎంతో ముందే గీయబడి వుండాలి. అది సాహిత్య విమర్శకు సంబంధించిన విషయం కాదని ఎవరైనా అనవచ్చు. నా ఉద్దేశంలో అవును. వూరి చరిత్ర కూడా ఒక రచనా ప్రక్రియే. దానికీ సంప్రదాయం వుంది, మూసలు వున్నాయి, నాయకులున్నారు, తెర వెనుక నిలబడిపోయిన జనం వున్నారు. కథనూ కావ్యాన్నీ ఏ ప్రశ్నలతో పరీక్షిస్తామో, దీనినీ ఆ ప్రశ్నలతోనే పరీక్షించాలి.

1

మొదట మూసల సంగతి చూద్దాం. తెలుగులో వూరి చరిత్రలు వ్రాసే అలవాటు కొత్తది కాదు. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వూరూరా సేకరించిన కైఫీయత్తులు మనకున్నాయి. కరణాల కవిలెలనుంచీ, పెద్దల నోటినుంచీ ఎక్కించుకున్న ఆ వృత్తాంతాల్లో ఏ రాజు ఏ కాలంలో ఏలాడు, ఏ దేవుడికి ఎంత మాన్యం ఇచ్చాడు, కరణీకం ఎవరిది, పన్నులు ఏవి అన్న సంగతులు విస్తారంగా వుంటాయి. వాటి విలువను నేను తగ్గించడం లేదు. కాని అక్కడ మాట్లాడేవాడు కరణం; వినేవాడు కుంఫిణీ ఉద్యోగి. భూమి ఎవరిది, హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబుగానే ఆ వూరి చరిత్ర తయారైంది. హక్కులేనివాడు ఆ కాగితం మీదికి రావలసిన అవసరమే కలుగలేదు.

రెండవ మూస స్థలపురాణానిది. అందులో వూరు దేవుడి వల్ల పుడుతుంది, దేవుడి వల్ల బ్రతుకుతుంది. మూడవది మన కాలపు మూస: ఉత్సవాలకూ శతజయంతులకూ అచ్చువేసే ప్రత్యేక సంచిక. అందులో ప్రముఖుల ఛాయాచిత్రాలు వుంటాయి, దాతల పేర్లు వుంటాయి, "మా వూరు అన్ని రంగాలలో ముందంజ వేస్తున్నది" అనే వాక్యం తప్పకుండా వుంటుంది. నా విద్యార్థుల వ్యాసాలు ఈ మూడు మూసల కలయిక. పేరు పుట్టుక స్థలపురాణం నుండి వచ్చింది. పాలకుల వరుస కైఫీయత్తు నుండి వచ్చింది. ప్రముఖుల పట్టిక ప్రత్యేక సంచిక నుండి వచ్చింది. ఆ పిల్లలు తెలివిలేని వారు కారు. వూరి చరిత్ర అంటే ఇలాగే వుంటుందని మనమే వారికి నేర్పాం.

ఈ మూడింటిలోనూ ఒక లోటు సమానంగా కనిపిస్తుంది. ఆ వూళ్ళో జనం ఏ పని చేసి బ్రతికారు అన్న ప్రశ్న వీటిలో మొదటి ప్రశ్న కాదు. చీరాల వంటి వూరి విషయంలో ఇది చిన్న లోటు కాదు. పని తెలియకపోతే ఆ వూరి చరిత్రలో ఒక్క సంఘటన కూడా సరిగా అర్థం కాదు.

2

చీరాల ఇసుక నేల. సముద్రం దగ్గర. మద్రాసు-బెజవాడ రైలు దారి మీది వూరు. ఆ నేల మీద జనాన్ని నిలబెట్టినది మగ్గం. పేరులోనే నేతవారి కులాన్ని మోస్తున్న జాండ్రపేట ఇప్పటికీ పక్కనే వుంది. ఇక్కడి నేతగాళ్ళు ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నూనెలోనూ నూలును మళ్ళీ మళ్ళీ నానబెట్టి, ఎండబెట్టి, చిటికి కట్టి, ఎరుపు నలుపు రంగులద్ది తేలియా రుమాళ్ళు నేశారు. ఆ రుమాళ్ళు అరబ్బుల తలపాగాలయినాయి. చీరాల జనం ఎన్నడూ చూడని దేశాలకు చీరాల గుడ్డ పోయింది. 1915 ప్రాంతంలో ఆ విద్య చీరాల నుండే నల్లగొండ జిల్లా పోచంపల్లి వైపుకు వెళ్ళిందని చేనేత చరిత్ర వ్రాసినవారు చెబుతారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, నల్లగొండ వైపు పుట్టపాక పేరుమీద. ఆ గుర్తింపు దక్కినవారిని నేను తప్పు పట్టడం లేదు. విద్యను నిలబెట్టినవారికే పేరు దక్కింది. పుట్టిన వూళ్ళో అది ఎందుకు నిలవలేదు అన్నది చీరాల చరిత్రకారుడు వేసుకోవలసిన ప్రశ్న. నా విద్యార్థుల వ్యాసాల్లో "చిన్న బొంబాయి" వుంది గాని ఈ ప్రశ్న లేదు.

నేతగాడికీ బట్టల వ్యాపారికీ తేడా వుంది. నూలు షావుకారుది, మగ్గం నేతగాడిది. ఒకప్పుడు మగ్గం కూడా షావుకారుదే. గుడ్డ తెగిన తరువాత లెక్క చూస్తే మిగిలేది కూలి, లేదా బాకీ. నేత వూరని గర్వంగా చెప్పుకునే వ్యాసాల్లో బట్టల కొట్టు కనిపిస్తుంది, మగ్గం గుంట కనిపించదు. ఈ తేడాను మనసులో వుంచుకుని 1921లోకి వెళదాం.

3

కథ చాలామందికి తెలిసినదే. మద్రాసు ప్రభుత్వం 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీగా చేసింది. పన్నుల భారం సుమారు పది రెట్లు పెరిగింది. జనం వద్దన్నారు. అర్జీలు పెట్టారు, ప్రభుత్వం వినలేదు. పన్ను కట్టమన్నారు, కొందరు జైలుకు వెళ్ళారు. 1920 చివర మద్రాసులో ద్వంద్వ పాలన క్రింద జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువాడైన పానగల్లు రాజా చేతికి వచ్చింది. అయినా మునిసిపాలిటీ కదలలేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన చూపిన దారులు రెండు: అహింసతో పన్నుల నిరాకరణ సాగించడం, లేదా మునిసిపాలిటీ హద్దులు దాటి వూరు విడిచి పోవడం. గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన జనం రెండవ దారి పట్టారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్ళు విడిచి, హద్దు అవతల పందిళ్ళూ పాకలూ వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. రామదండు అనే స్వచ్ఛంద దళం కాపలా కాసింది. దాదాపు పదకొండు నెలలు అలా వున్నారు. గోపాలకృష్ణయ్యగారికి ఏడాది జైలు శిక్ష పడింది. ధనసహాయం చాలలేదు. చివరకు జనం తిరిగి ఇళ్ళకు వచ్చారు.

ఇది మహత్తర ఘటన అనడంలో నాకు సందేహం లేదు. ఒక్క రాయి విసరకుండా ఒక వూరు వూరంతా లేచిపోవడం దేశ చరిత్రలోనే అరుదు. గోపాలకృష్ణయ్యగారు మామూలు మనిషి కారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు; ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1917లో ప్రకటించినవాడు; జానపద కళల విలువ తెలిసినవాడు. 1928లో 39వ ఏట, పేదరికంలో, క్షయవ్యాధితో కన్నుమూశాడు. ఆయన్ని తలచుకోవద్దని నేను చెప్పడం లేదు. ఆయన్ని ఒక్కణ్ణే తలచుకోవడం వల్ల ఆయన చేసిన పని మనకు అర్థం కాకుండా పోతున్నదని మాత్రమే చెబుతున్నాను.

ఎలాగంటే: వూరు విడిచిన 13 వేలమందికీ ఆ విడవడం ఒకే విధంగా వుండదు. వ్యాపారి కొట్టుకు తాళం వేసి వెళతాడు. సరుకు వుంటుంది, బాకీలు వుంటాయి, తిరిగి వచ్చి తాళం తీస్తాడు. నేతగాడి మగ్గానికి గుంట వుంటుంది. దారువును విప్పి భుజాన వేసుకు పోవచ్చు గాని గుంటను మోసుకు పోలేడు. కొత్త చోట ఇసుకలో గుంట త్రవ్వుకోవాలి, పైన కప్పు వేసుకోవాలి, వాన వస్తే నూలు తడవకుండా చూచుకోవాలి. మగ్గం ఆడని రోజున ఇంట్లో పొయ్యి ఆగుతుంది. పదకొండు నెలల్లో ఒక వేసవి వుంది, ఒక వర్షకాలం వుంది, ఒక చలికాలం వుంది. ఉద్యమం ఎందుకు ఆగిపోయింది అన్న ప్రశ్నకు మన వ్యాసాలు "నాయకుడు జైలుకు పోవడం వల్ల" అని ఒక్క మాటలో తేలుస్తాయి. అది సగం కారణం. ఎవరు ఎన్నాళ్ళు పస్తుండగలరు అన్నది మిగతా సగం. ఆ సగం వ్రాస్తే నాయకుడు తగ్గిపోడు. అంతటి ఇబ్బందిలో అంతకాలం నిలిచిన జనం పెరుగుతారు.

ఇక్కడ మరొక ప్రశ్న కూడా తప్పించుకోరాదు. మునిసిపాలిటీ అంటే పారిశుద్ధ్యం, దీపాలు, వైద్యం. పన్ను కట్టమన్నందుకు తిరగబడడం అభివృద్ధి నిరోధకం కాదా అని అడిగే విద్యార్థి ఏటా ఒకడు వుంటాడు. మంచి ప్రశ్న. జవాబు ఆ పన్ను వేసిన తీరులో వుంది. పన్ను కట్టేవారి మాట వినకుండా వేసిన పన్ను అది. రోజుకూలి మీద బ్రతికే వూరిమీద ఒక్కసారిగా పది రెట్లు పెంచిన పన్ను. జనం వ్యతిరేకించినది మంచినీళ్ళను కాదు. తమ నోరు నొక్కి, తమ పేరుతో, తమ జేబులోంచి తీసుకునే అధికారాన్ని. ఈ విశ్లేషణ లేకుండా "గాంధీగారు వచ్చారు, జనం కదిలారు" అని వ్రాస్తే అది చరిత్ర కాదు, హరికథ.

4

1921 తరువాత మన వ్యాసాలు ఒక్క గంతులో బట్టల మార్కెట్టుకు దూకుతాయి. ఆ గంతు క్రింద వున్నదేమిటి?

ఉన్నది పొగాకు. గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు సాగు పెరిగిన కొద్దీ చీరాలలో ఐ.ఎల్.టి.డి. అనే పొగాకు కంపెనీ వేళ్ళూనింది. పన్ను కోసం వూరు విడిచిన తరం ఇంకా బ్రతికి వుండగానే ఆ వూళ్ళో కొత్త శ్రామికజనం పుట్టింది: కంపెనీ కూలీలు. వారిలో ఆకు ఏరే స్త్రీలు ఎందరో. మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి కనీసం తన ఇల్లు తన పని స్థలం. వీరికి అదీ లేదు. గంట కొడితే లోపలికి, గంట కొడితే బయటికి.

1938లో ఆ కంపెనీ కార్మికులు సమ్మె చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు మద్రాసులో వున్నది తెల్లవాడి మంత్రివర్గం కాదు, ద్వంద్వ పాలన మంత్రివర్గమూ కాదు. రాజగోపాలాచారిగారి కాంగ్రెసు మంత్రివర్గం. పదిహేడేళ్ళ క్రితం ఏ వూరు కాంగ్రెసు పేరు చెప్పుకుని ఇళ్ళు విడిచిందో, ఆ వూళ్ళోనే కాంగ్రెసు ఏలుబడిలో కూలీల మీద తుపాకులు పేలాయి.

నా విద్యార్థుల వ్యాసాల్లో ఒక్కదానిలోనూ ఈ సంగతి లేదు. పిల్లలకు తెలియదు. తెలియకపోవడానికి కారణం వుంది. 1921ని చెప్పుకుంటే వూరంతా ఒక్కటిగా కనిపిస్తుంది: ఇటు వూరు, అటు దొరతనం. 1938ని చెప్పుకుంటే వూరు రెండుగా కనిపిస్తుంది: ఇటు కూలి, అటు కంపెనీ, కంపెనీ వెనుక మన ప్రభుత్వమే. ప్రత్యేక సంచికలు వేసేవారికి రెండవ బొమ్మ రుచించదు. ఐకమత్యం చూపే జ్ఞాపకాన్ని పండుగలా జరుపుకుంటాం. వైరుధ్యం చూపే జ్ఞాపకాన్ని కార్మిక సంఘాల ముసలివారికి వదలివేస్తాం. వారు పోతే అదీ పోతుంది.

5

ఇప్పుడు ఆ కుర్రవాడు కొట్టివేసిన వాక్యానికి వద్దాం.

కారంచేడు చీరాలకు దగ్గరలోనే వున్న పెద్ద గ్రామం. అక్కడ 1985 జూలైలో మాదిగవాడ తాగునీటి చెరువు దగ్గర తగాదా మొదలైంది. నీటిని పాడుచేయవద్దన్నందుకు రేగిన తగాదా అది. మరునాడు, జూలై 17న, భూస్వామ్య కులం వారు మాదిగవాడ మీద పడ్డారు. ఆరుగురు దళితులు హతులయ్యారు. స్త్రీలు మానభంగానికి గురయ్యారు. మిగిలినవారు పొలాలకు అడ్డంపడి చీరాలకు పరుగెత్తారు. చీరాలలో శిబిరం ఏర్పడింది. తిరిగి కారంచేడుకు పంపుతామన్నా వారు పోలేదు. ఆ నిరాకరణ ఫలితంగానే చీరాలలో విజయనగర్ కాలనీ ఏర్పడింది. ఆ శిబిరంలోని ఆవేశం నుండే, కత్తి పద్మారావు, బొజ్జా తారకం మొదలైన వారి నాయకత్వాన, దళిత మహాసభ పుట్టింది. న్యాయస్థానాల్లో కేసు రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. 2008లో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1921లో చీరాల నుండి జనం బయటికి పోయారు. 1985లో చీరాలకు జనం ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చారు. రెండు చోట్లా పాకలు వేసుకున్నారు. రెండు చోట్లా ప్రభుత్వం మాటకు లొంగలేదు. 1921 వారు ఇళ్ళు విడవడం తమ నిర్ణయం. 1985 వారికి నిర్ణయించుకునే వ్యవధి కూడా లేదు. కాని ఆ తరువాత వెనక్కు పోము అన్నది మాత్రం వారి స్వంత నిర్ణయం. 1921 వారు పదకొండు నెలలకు ఇళ్ళకు తిరిగి వచ్చారు. 1985 వారు తిరిగి పోలేదు. నలభై ఏళ్ళు దాటింది, ఇంకా చీరాలలోనే వున్నారు. చీరాలలో పుట్టి, చీరాల బడుల్లో చదివి, చీరాలలో ఓటు వేస్తున్నారు. అయినా వారి మనుమడు వ్రాసిన వూరి చరిత్రలో వారి రాక "మా సంగతి".

ఈ పోలికను కొందరు మిత్రులు ఒప్పుకోలేదు. "1921 జాతీయోద్యమం, 1985 ఒక పల్లెటూరి కులకక్ష. రెండింటినీ ఒక తక్కెడలో వేయడం ఏమి న్యాయం?" అన్నారు. రెండూ సమానమని నేను అనడం లేదు. ఒకటి పోరాట రూపంగా ఎంచుకున్న వలస; మరొకటి హత్యాకాండ నుండి పరుగు. కాని "కులకక్ష" అన్న మాటను మాత్రం ఒప్పుకోను. కక్ష అంటే రెండు వైపులా కత్తులుండాలి. ఇక్కడ ఒకవైపు భూమి వుంది, డబ్బు వుంది, పలుకుబడి వుంది. మరొకవైపు కూలి చేసుకునే చేతులు, తాగునీటిని మురికి చేయవద్దని అడిగిన ధైర్యం వున్నాయి. నీళ్ళ చెరువు దగ్గర ఒక మాట ఆరు ప్రాణాలు తీసిందంటే ఆ మాట బరువు నీళ్ళది కాదు, ఎదురుచెప్పడానిది.

ఇంకొక విచిత్రం వుంది. కారంచేడు లేకుండా 1985 తరువాతి తెలుగు సాహిత్య చరిత్రను ఎవరూ వ్రాయలేరు. కారంచేడు, 1991లో చుండూరు, ఈ రెండింటి నుండే దళిత కవిత్వం ఒక ఉద్యమంగా లేచింది. 1995లో వచ్చిన "చిక్కనవుతున్న పాట" సంకలనం దాని బలాన్ని చూపింది. విశ్వవిద్యాలయాల్లో పాఠం చెబుతున్నాం, పరీక్షల్లో ప్రశ్న ఇస్తున్నాం. ఆ కవిత్వం చదివి నా తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న కుర్రవాడే ఆ సంఘటనను తన వూరి చరిత్రలో కొట్టివేశాడు. అనగా ఆ సంఘటన సాహిత్య చరిత్రలోకి వచ్చింది, న్యాయ చరిత్రలోకి వచ్చింది, రాజకీయ చరిత్రలోకి వచ్చింది; వూరి చరిత్రలోకి మాత్రం రాలేదు. అన్నిటికంటే గట్టి తలుపు అదేనన్నమాట.

6

చీరాల-పేరాల ఉద్యమం ముగిసిన 1922లోనే, ఆ గుంటూరు జిల్లా నుండే, ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి" వెలువడింది. కూలికోసం నిలబడిన మాలపల్లె యువకుడు సంగదాసు భూస్వామి చేతిలో హతుడయ్యే కథ అది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. ఒకే కాలంలో, ఒకే జిల్లాలో, ఒక కాంగ్రెసు రచయిత పల్లె చరిత్రను మాలవాడ గుమ్మంలో నిలబడి చూడగలిగాడు. ఆ చూపు నవలకు అబ్బింది. వందేళ్ళు గడిచినా వూరి చరిత్ర వ్రాసేవారికి అబ్బలేదు. ఉన్నవ చూపినది జాతీయోద్యమానికి వ్యతిరేకమైన సత్యం కాదు. జాతీయోద్యమం తనలో ఇముడ్చుకోవలసి వుండిన సత్యం. వూరి చరిత్రకారులు దీనిని గ్రహించవలసి వున్నది.

అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం ఇందులో నిర్దోషులం కాము. రెండు తప్పులు మనవి. మొదటిది, వూరి చరిత్రలను చిన్నచూపు చూడటం. "అదంతా భూస్వామ్య యుగపు వ్యామోహం, పాతవూరి పలవరింత" అని ఆ రంగాన్ని స్థలపురాణాల వారికీ ప్రత్యేక సంచికల వారికీ వదిలిపెట్టాం. వదిలిపెట్టిన పొలంలో కలుపు మొలిచిందని ఇప్పుడు విచారిస్తున్నాం. రెండవది ఇంకా పెద్ద తప్పు. వ్రాసినప్పుడు కూడా "వర్గం" అన్న ఒక్క మాటతో అన్నిటినీ సరిపెట్టాం. "వ్యవసాయ కూలీల మీద భూస్వాముల దాడి" అని వ్రాస్తే కారంచేడు సగం అర్థమవుతుంది. ఆ కూలీలు మాదిగలు కాకపోతే ఆ దాడి అలా జరిగేది కాదన్నది మిగతా సగం. కులం మాట ఎత్తితే శ్రామిక ఐక్యత చెడుతుందని జంకిన విమర్శకులు మనలో లేకపోలేదు. ఐక్యత చెడినది మాట ఎత్తినందువల్ల కాదు. ఎత్తవలసినప్పుడు ఎత్తనందువల్ల.

అయితే వీటన్నిటినీ వ్రాస్తే వూళ్ళో మిగిలిన కాస్త పొత్తూ పోతుందేమో అన్న భయం కొందరు మంచివారికి వుంది. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. బజారు వూళ్ళో జనం ఒకరితో ఒకరికి పని వుండి బ్రతుకుతారు. నూలు ఇచ్చినవాడూ గుడ్డ నేసినవాడూ రేపు మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూడాలి. కాని మరచిపోవడం మీద కట్టిన పొత్తుకు ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడండి. కొట్టివేసినవాడు షావుకారు మనుమడు కాదు, శిబిరంలో పెరిగినవాడి మనుమడు. ప్రతి తరంలోనూ ఆ ఖర్చు ఆ ఇంటివారి మీదనే పడుతున్నది.

7

ఇక చేయవలసిన పని. చీరాల మొదట గుంటూరు జిల్లాలో వుండేది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్ళింది, ఆ జిల్లాయే ప్రకాశం అయింది. 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినప్పుడల్లా పాత కాగితాలు ఒక కచేరీ నుండి మరొక కచేరీకి కదులుతాయి. కదిలినప్పుడల్లా కొన్ని పోతాయి. 1921 నాటివారు ఎవరూ లేరు. 1938 నాటివారు దాదాపు లేరు. 1985 నాటివారు ఇంకా వున్నారు. వారికి ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళు. వారి మాటలు వ్రాసిపెట్టుకోవడానికి మనకున్న గడువు ఇంకో పది పదిహేనేళ్ళే.

కనుక తెలుగు శాఖలూ చరిత్ర శాఖలూ కలిసి విద్యార్థుల చేత చేయించదగిన పని ఒకటుంది. వూరి చరిత్రను పేరు పుట్టుకతో కాక పనితో మొదలుపెట్టమందాం. ఈ వీధిలో ఎవరు ఏ పని చేశారు, ఆ పని ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, కూలి ఎంత, బాకీ ఎవరికి? ఏ వాడ ఎప్పుడు ఏర్పడింది, ఎవరు ఎక్కడి నుండి వచ్చి అక్కడ నిలిచారు, ఎందుకు వచ్చారు? ఆసు పోసిన ఆడవారిని అడగాలి, ఆకు ఏరిన ఆడవారిని అడగాలి. విన్నదానిని కాగితాలతో సరిచూడాలి. కాగితాలను విన్నదానితో సరిచూడాలి. రెండూ పొసగని చోట పొసగలేదని వ్రాయాలి. ఈ విధంగా వ్రాసిన చరిత్రలో కూడా గోపాలకృష్ణయ్యగారు వుంటారు. జనం మధ్య వుంటారు. ఆయన కోరుకున్న చోటు కూడా అదే.

అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943లో జరిగినది మహానగరంలో కాదు, తెనాలిలో. అదీ చీరాల వంటి బజారు వూరే, ఆనాటి గుంటూరు జిల్లాలోనిదే. ఇటువంటి వూళ్ళ చరిత్ర మనకు పరాయిది కాదు.

ఆ కుర్రవాడి వ్యాసాన్ని నేను మార్కులు వేయకుండా తిరిగి ఇచ్చాను. కొట్టివేసిన వాక్యం క్రింద గీత గీసి, "ఇక్కడి నుండి మళ్ళీ మొదలుపెట్టు" అని వ్రాశాను. మూడు వారాలకు తెచ్చాడు. నాలుగు పుటలు అడిగితే పదకొండు పుటలు వ్రాశాడు. వాళ్ళ తాతగారు చెబుతుంటే రాత్రిళ్ళు కూర్చుని ఎక్కించుకున్నాడట. భాషలో తప్పులున్నాయి, తేదీలు రెండు చోట్ల సరిచేయవలసి వచ్చింది. మొదటి వాక్యం మాత్రం దిద్దనవసరం లేకుండా వుంది: "మా వూరు చీరాల. మేము ఇక్కడికి 1985లో వచ్చాము."